మేఫ్లవర్ ఓడ ప్రయాణికుని వంశకథ

తమ పూర్వు లెవరు, ఎక్కడనుండి వచ్చిరి అను ప్రశ్న అమెరికా దేశమున అనేక కుటుంబములవారికి మిక్కిలి ప్రీతిపాత్రమైనది. సముద్రము దాటి వచ్చినవారి సంతతికి వంశకథ ఏదో ఒక తరమున ఒక ఓడరేవువద్దకు వచ్చి ఆగును. ఆ రేవునకు ఆవలి కథను వెదకి పట్టుకొనుట ఎట్లు? ఇంట చెప్పుకొనెడి కథను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ విషయమును వివరించుటకై మేము జాన్ హౌలండ్ అను ఒక్క వలసదారుని చరిత్రను తీసికొనుచున్నాము.

1620వ సంవత్సరమున ఇంగ్లండునుండి మేఫ్లవర్ అను ఓడ 102 మంది ప్రయాణికులతో బయలుదేరి, ఉత్తర అమెరికా తూర్పు తీరమును చేరెను. వారు నెలకొల్పిన వలసకు ప్లిమత్ అని పేరు. ఆ వలసకు మొదటి గవర్నరైన జాన్ కార్వర్‌వద్ద హౌలండ్ సేవకుడుగా వచ్చెను. నడిసముద్రమున తుపాను చెలరేగినపుడు అతడు ఓడపైనుండి నీటిలో పడిపోయెను. అదృష్టవశమున, వ్రేలాడుచున్న తెరచాప త్రాడొకటి చేతికి చిక్కెను. నీటిలో మునిగియు అతడు పట్టు విడువలేదు. తోడివారు పైకి లాగి అతనిని బ్రతికించిరి.

హౌలండ్ ప్లిమత్‌లో వివాహమాడి, పదిమంది సంతానమును కనెను. ఆ పదిమందియు పెరిగి పెద్దవారైరి. మనుమలు ఎనుబదిమందికి పైబడిరి. నేడు అతని సంతతివారు లక్షలసంఖ్యలో నున్నారు. అమెరికా అధ్యక్షులుగా పనిచేసిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టును, బుష్ తండ్రీకొడుకులును ఆ వంశమువారే.

ఇంత పెద్ద వంశమునకు మూలమాత ఎవరు? ఆమె గవర్నరు కార్వర్ కుమార్తె అని కొందరు, మనుమరాలని కొందరు చెప్పుకొనుచు వచ్చిరి. సేవకుడు యజమాని యింటి బిడ్డను పెండ్లాడెనను కథ వినుట కింపైనది. వంశమునకు గౌరవము తెచ్చునది కూడ. అందుచే అది తాతలనుండి మనుమలకు, నోటిమాటనుండి అచ్చుపుస్తకములకు ప్రాకెను. ఒక పుస్తకమును చూచి మరియొకరు వ్రాయగా, సాక్ష్యములు పెక్కు కలవను భ్రమ ఏర్పడెను. కాని పది పుస్తకములు ఒకే మాటను ఒకరినుండి ఒకరు ఎత్తి వ్రాసినచో, అది పది సాక్ష్యములు కాదు, ఒక్కటియే.

ఈ కథను సరిదిద్దినది ఒక వ్రాతప్రతి. ప్లిమత్‌కు పెక్కేండ్లు గవర్నరుగా నుండిన విలియం బ్రాడ్‌ఫర్డ్ ఆ వలస చరిత్రను స్వహస్తముతో వ్రాసియుంచెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున ఆ ప్రతి బాస్టను నగరమునుండి మాయమాయెను. చాల కాలమునకు అది లండనులో, ఫుల్‌హామ్ భవనమందలి బిషప్పుగారి గ్రంథాలయమున బయటపడెను. 1856లో అది సంపూర్ణముగా అచ్చయ్యెను. 1897లో మూలప్రతియే స్వస్థలమునకు తిరిగి వచ్చెను. ఇప్పుడది బాస్టనులో మసాచుసెట్స్ రాష్ట్ర గ్రంథాలయమున నున్నది.

దాని చివర బ్రాడ్‌ఫర్డ్ ఓడలో వచ్చిన ప్రతి కుటుంబమును పేర్కొని, ముప్పదియేండ్ల అనంతరము ఎవరు జీవించియున్నారో, ఎవరికెందరు పిల్లలో లెక్క వ్రాసెను. హౌలండ్ భార్య జాన్ టిల్లీ కుమార్తెయైన ఎలిజబెత్ అని అందు స్పష్టముగా నున్నది. టిల్లీ దంపతులు తీరము చేరిన కొలదికాలమునకే మరణించిరి. ఆ మొదటి శీతకాలమున ఓడలో వచ్చినవారిలో ఇంచుమించు సగముమంది చనిపోయిరి. ఎలిజబెత్ పినతండ్రియైన ఎడ్వర్డ్ టిల్లీయు, అతని భార్యయు వారిలో నుండిరి. పదమూడేండ్ల బాలిక పరాయి దేశమున అనాథయై మిగిలెను.

ఇంగ్లండులోని హెన్లో గ్రామ చర్చి రిజిస్టరునందు 1607వ సంవత్సరమున ఆమెకు జ్ఞానస్నాన మైనట్లు నమోదై యున్నది. ఓడరేవునకు ఆవలి కథ ఇట్లు దొరకెను.

వంశచరిత్ర వ్రాయువారు దీనినుండి గ్రహింపవలసిన పద్ధతి యొకటి కలదు. మొదట తమనుండి ఆరంభించి, ఒక్కొక్క తరముగా వెనుకకు నడువవలెను. పేరుగల పూర్వునినుండి ముందునకు రారాదు. ప్రతి మెట్టునకును చర్చి రిజిస్టరో, వీలునామాయో, భూమి దస్తావేజో ఆధారముగా నుండవలెను. పేరొకటియైనంత మాత్రమున వంశ మొకటి కాదు: హౌలండ్ సోదరులైన ఆర్థర్, హెన్రీలు కూడ ఆ వలసకే వచ్చిరి గనుక, ఆ యింటిపేరువారందరును జాన్ సంతతివారు కారు. తేదీల విషయమునను జాగ్రత్త యవసరము. 1752కు పూర్వము ఇంగ్లీషువారి సంవత్సరము మార్చి 25న ఆరంభమగుచుండెను. కావున హౌలండ్ మరణమును ఆనాటివారు 1672 ఫిబ్రవరి అని వ్రాసినచో, మన లెక్కకు అది 1673.

ఇంతకును ఈ సవరణవలన హౌలండ్ వంశమువారు కోల్పోయినదేమి? ఒక గవర్నరు బంధుత్వము. కాని ఆ బంధుత్వమును నిలుపుకొన్నంతకాలము వారు తమకు తెలియకయే జాన్ టిల్లీని, ఆయన భార్యను తమ వంశమునుండి తొలగించి యుండిరి. బిడ్డను వెంటబెట్టుకొని సముద్రము దాటి, ఆమె పెరిగి పెద్దదగుట చూడకయే కన్నుమూసిన ఆ తల్లిదండ్రులకు ఇన్ని లక్షల సంతతివారిలో తలచుకొనెడివారు లేకపోయిరి. బ్రాడ్‌ఫర్డ్ వ్రాసిన కొలది పంక్తులు వారిని వారి సంతతికి తిరిగి అప్పగించెను.

పెద్దలు చెప్పు కథలను మనము తప్పక వ్రాసి యుంచుకొనవలెను. అవి వెదకుటకు దారి చూపును. అయితే విన్నదానిని విన్నదిగను, పత్రమున కన్నదానిని కన్నదిగను వేరువేరుగ వ్రాసినచో, రాబోవు తరములవారు ఆ దారిలో తప్పిపోరు.