ముందుగా తీసిన పిడికెడు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం జరిగిన కృతజ్ఞతారాధనలో చేసిన ప్రసంగం)



మన బడిలో అన్ని మతాల పిల్లలమూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. నిన్న సాయంత్రం ఒక మిత్రుడు, "రేపు వాక్యం చెప్పేది నువ్వటగా, మమ్మల్ని కూడా దృష్టిలో పెట్టుకో" అన్నాడు. పెట్టుకునే చెబుతున్నాను. నేను పాస్టరుని కాను. నీటిపారుదల ఇంజనీరుని. కాలువలు, లాకులు, తూములు నా బతుకుతెరువు. బైబిలు చెప్పినా కాస్త కాలువ వాసన వస్తుంది, ఓర్చుకోండి. కమిటీవారు నాకిచ్చిన అంశాలు మూడు: సంతృప్తి, దయ, అనుదిన భక్తి. ఇచ్చిన సమయం పావుగంట.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు, ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండడం తాను నేర్చుకున్నానంటాడు. రాసింది చెరలో ఉండి. ఆ 'నేర్చుకున్నాను' దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. పుట్టుకతో వచ్చిందని చెప్పలేదు, ఒక రాత్రి ప్రార్థనలో దిగివచ్చిందనీ చెప్పలేదు. పైగా లేమిలో బతకడమూ, కలిమిలో బతకడమూ రెండూ నేర్చుకున్నానంటాడు. లేమికి శిక్షణ కావాలంటే మనకు అర్థమవుతుంది. కలిమికి కూడానా? యాభై దాటాక నాకు అనిపిస్తోంది, దానికే ఎక్కువ కావాలని.

ఇంకో సంగతి. ఆ మాటలు వచ్చిన చోటు ఒక విధంగా రసీదు. ఫిలిప్పీ సంఘంవారు ఎపఫ్రొదితు చేతికిచ్చి పౌలుకి సహాయం పంపారు. పాపం ఆ ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లి బతికాడు. ఆ సహాయం అందిందని చెబుతూనే పౌలు సంతృప్తి మాట రాశాడు. నాకేమీ అక్కర్లేదు పొమ్మని పంపినవాళ్లను చిన్నబుచ్చలేదు. పుచ్చుకున్నాడు, సంతోషించాడు. మన వయసు మగవాళ్లలో చాలామందికి ఇది రాదు. పిల్లలు ముచ్చటపడి చొక్కా కొనిస్తే "ఎందుకిప్పుడు దండగ" అని మొహం మాడ్చుకుంటాం. దాన్ని సంతృప్తి అనుకుంటాం. అది ఉత్త బింకం.

ఈ నేర్పు ఎలా వస్తుంది? నిర్గమకాండం 16లో మన్నా కథ చిన్నప్పుడు మనందరం విన్నదే. మనిషికి ఒక ఓమెరు చొప్పున, ఏ రోజుది ఆ రోజు ఏరుకోవాలి. మర్నాటికి దాచుకుంటే పురుగుపట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినం కోసం ఆరో రోజు ఏరిన రెండో ఓమెరు మాత్రం చెడలేదు. నలభై ఏళ్లు అదే బడి. దాచుకున్నవాళ్లు దురాశాపరులని మనం తేలిగ్గా అనేస్తాం. నాకు వాళ్లలో కనిపించేది భయం. రేపు కురుస్తుందో లేదోనన్న భయం.

ఆ భయాన్ని నేను కాలువ గట్ల మీద ప్రతి ఏడూ చూస్తాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కడ బయలుదేరిన నీరు డెల్టా చివర, ఉప్పుగాలి తగిలే చేలదాకా వెళ్లాలి. సార్వాలో గోదావరి నిండుగా ఉంటుంది. అప్పుడు ఎవరి మంచితనంతోనూ పెద్దగా పని పడదు. పరీక్షంతా దాళ్వాలోనే. నదిలో రాక తగ్గితే వంతులవారీగా నీరిస్తాం. ఎగువ రైతు తన వంతు కాగానే తూము దించితేనే శివారు చేనుకి తడి అందుతుంది. ఎగువ రైతు దొంగ కాదు. చేలో నీళ్లున్నాయి కూడా. కానీ మళ్లీ వంతు వచ్చేసరికి ఉంటాయో ఉండవో అని ఇంకో రాత్రి తూము ఎత్తే ఉంచుతాడు. లస్కరు వచ్చి అడిగితే "పొద్దున దించుతాలేవయ్యా" అంటాడు. ఆ అదనపు నీటితో అతని వరికి ఒరిగేదేమీ లేదు, పొంగి మురుగు కాలువలో పడుతుంది. అవతల శివారులో పొట్ట మీదున్న చేను ఎండుతుంది.

సంతృప్తి, దయ అని నాకు రెండు అంశాలుగా ఇచ్చారు. గట్టు మీద నిలబడి చూస్తే నాకవి రెండుగా కనిపించవు. ఎగువవాడు 'చాలు' అనుకున్న గంటలోనే దిగువవాడికి నీళ్లు బయలుదేరతాయి. అందుకే సంతృప్తిని పేదవాడికి చెప్పే ఊరటగా వాడేవాళ్లంటే నాకు కోపం. శివారు రైతుకి తృప్తి గురించి ప్రసంగం చేసి ఏం లాభం? చెప్పవలసింది తూము దగ్గర.

మనలోనూ శివారువాళ్లున్నారు. మా బ్యాచ్‌లో ఒకతను ఆటో నడుపుతాడు. తొమ్మిదో తరగతిలో లెక్కల్లో మా అందరికంటే ముందుండేవాడు. రెండు నెలల కిందట ఫోన్ చేసి స్వర్ణోత్సవాలకు రమ్మంటే, "మీరంతా పెద్దోళ్లయ్యారు. నేనొచ్చి ఏం చెప్పుకోవాలిరా?" అన్నాడు. రాలేదు. నిన్న భోజనాల దగ్గర మన మాటలు వింటుంటే అతను అన్నది నిజమే అనిపించింది. మీవాడెక్కడ, డల్లాసా, గ్రీన్ కార్డు వచ్చిందా, ఫ్లాటా విల్లానా. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అడగలేదు. కానీ ఆ ప్రశ్నలకు జవాబు లేనివాడు ఆ పంక్తిలో కూర్చుని ముద్ద ఎలా మింగుతాడు? మన గొప్పలు కూడా మురుగులోకి పోయే నీళ్లే. మనకు కొత్తగా కలిసొచ్చేదేమీ లేదు, అవతలివాడి చేను మాత్రం ఎండుతుంది.

దయకు బైబిలులో చాలా కథలున్నాయి గానీ, నాకు బాగా నచ్చేది లేవీయకాండం 19లోని ఒక నియమం. కోత కోసేటప్పుడు పొలం అంచులు కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు. అవి బీదలకు, పరదేశులకు. పంట ఇంటికి చేరాక మిగిలింది పంచమనలేదు. కొడవలి పట్టకముందే అంచు వదిలేయమంది. రూతు ఆ పరిగె మీదే బతికింది. బోయజు ఇంకో మెట్టు ముందుకెళ్లి, పనలలోంచి కావాలనే కొంత జారవిడవమని కూలీలకు చెప్పాడు. ఆమె చేయి చాచి అడగాల్సిన అవసరం రాలేదు.

మన సంఘాల్లో తల్లులు చేసే 'పిడికెడు బియ్యం' ఆ నియమానికి చెల్లెలు. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అది గుడికి చేరుతుంది. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910లో ఇలాగే మొదలుపెట్టారు, ఈనాటికీ చేస్తున్నారు. వండాక మిగిలిన అన్నం ఇవ్వడం వేరు, వండకముందు బియ్యం తీయడం వేరు. ముందే తీస్తే ఇంట్లో ఎవరికీ తక్కువైనట్టు తెలియదు. మిగిలితే ఇద్దామనుకుంటే, నెలాఖరులో ఏ ఇంట్లో మిగులుతుంది చెప్పండి?

ఇక భక్తి. దీనికి ఎక్కువ చెప్పను. రోజులోంచి కూడా పిడికెడు ముందే తీయాలి. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో, కపెర్నహూములో ఊరంతా వాకిట్లో పోగైన సాయంత్రం తర్వాత, యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లాడు. అందరూ వెతుకుతున్నారని సీమోనువాళ్లు వెంటపడి వచ్చారు. ఆయన పక్క ఊళ్లకు పోదాం పదండి అన్నాడు. జనం ఎటు లాగితే అటు పోకుండా తన పని తనకు తెలిసింది ఆ చీకటిలోనే అని నా నమ్మకం.

నేను చేసేది చెబుతాను, పనికొస్తే తీసుకోండి. పొద్దున ఫోన్ ముట్టుకోకముందు పావుగంట. ఒక కీర్తన చదువుతాను. నిన్న అందినవి మూడు పేరుపెట్టి చెప్పుకుంటాను. పైకంపెనీలు, పదవులు కావు. నిద్ర పట్టింది, మోకాలు నొప్పి తగ్గింది, అల్లుడు ఫోన్ చేశాడు, ఇలాంటివి. తర్వాత ముగ్గురి పేర్లతో ప్రార్థన. ఆ ముగ్గురిలో ఒకరితో ఆ రోజు మాట్లాడతాను. నా ఇబ్బంది చెప్పడానికీ కాదు, సలహా ఇవ్వడానికీ కాదు. "తిన్నావా, ఎలా ఉన్నావు" అంతే. క్రైస్తవులు కాని మిత్రులు మీ దేవుని ముందు మీ పద్ధతిలో కూర్చోండి. ఫోన్ చేయడానికి మాత్రం మతం అడ్డు కాదు.

మన సంఘం రిజిస్టరు గేటు దగ్గరి బల్ల మీద ఉంది. చాలా పేర్ల పక్కన నంబరు గడి ఖాళీగా ఉంది. టీ తాగుతూ మీ బ్యాచ్ పేజీ తిప్పండి, తెలిసిన నంబర్లు నింపండి, తలా మూడు పేర్లు రాసుకుని వెళ్లండి. ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెట్టింపు చేసి బాకీ తీర్చాలని చూడకండి. అలా మొదలుపెట్టినవాళ్లు వారంలో మానేస్తారు. మర్నాడు మళ్లీ ఒక్క ఓమెరు చాలు.

ఇప్పుడు మన గురువుల్లో పెద్దవారు ప్రార్థన చేస్తారు. అందరం లేచి నిలబడదాం.