ఇంజిన్ విప్పే ముందు ఆ చిన్న వాల్వ్ చూడండి

నేను షార్జాలో సైట్ సూపర్‌వైజర్‌ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివిన, బతుకుదెరువుకు సిమెంటు పనిలో పడ్డ. ఇవాళ పీసీవీ వాల్వ్ గురించి చెప్తా.

పోయిన ఏడాది నా 2003 మోడల్ బండి ముల్కియా టెస్టింగ్‌లో ఫెయిల్ అయింది. ఇంజిన్ పైనుంచి ఆయిల్ కారుతోంది, సైలెన్సర్‌లో నీలం పొగ. గ్యారేజీ ఆయన చూసి, "రింగులు పోయినయ్, ఇంజిన్ విప్పాలి, మూడు వేల దిర్హాలు" అన్నాడు. ఆ నెలలోనే బిడ్డ కాలేజీ ఫీజు పంపాలి. బండి లేకపోతే సైటుకు పోలేను. రూమ్‌లో తమ్ముణ్ణి అప్పు కూడా అడిగిన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదివింది గుర్తు తెచ్చుకున్న. పెట్రోలు కాలినప్పుడు కొంత గ్యాస్ రింగుల పక్కనుంచి కింద క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. దాన్ని గాలిలోకి వదలకుండా మళ్ళీ ఇంజిన్‌లోకే పంపి కాల్పించేది ఈ వాల్వ్. ఇది మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి, ఆయిల్‌ని సీళ్ళలోంచి, బ్రీదర్ పైపులోంచి బయటికి తోస్తుంది. చూసేవాళ్ళకు రింగులు పోయినట్టే ఉంటుంది.

సెలవు రోజు పొద్దున బండిని ఆరుబయట పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి చూసిన. ఆయిల్ మూత తీసి, రంధ్రం మీద కాగితం పెట్టిన. మంచి ఇంజిన్ అయితే కాగితాన్ని మెల్లగా లోపలికి లాగాలి. నాది పైకి ఎగరేసింది. తర్వాత వాల్వ్‌ని పైపుతో సహా పైకి లాగి, కొసన వేలు పెట్టిన. గట్టిగా పీల్చాలి, ఏమీ లేదు. వాల్వ్ తీసేసి పైపుకే వేలు అడ్డం పెడితే గట్టిగా లాగింది. అంటే పైపు మంచిదే, వాల్వే పోయింది. ఊపి చూస్తే టకటక చప్పుడు కూడా లేదు, లోపల మడ్డి పట్టి బిగుసుకుపోయింది. ఒక మాట, చప్పుడు వచ్చినంత మాత్రాన వాల్వ్ మంచిదని అనుకోవద్దు. నోటితో పీల్చి అసలే చూడొద్దు, లోపలున్నది విషం. చేతులు ఫ్యాన్‌కు, బెల్టుకు దూరం.

కొత్త వాల్వ్, పైన గాస్కెట్ కలిపి వంద దిర్హాలు దాటలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో చేరిన ఆయిల్ తుడిచిన. మళ్ళీ కాగితం పెడితే లోపలికి అతుక్కుంది. వారం నడిపినా ఆయిల్ కారలేదు, పొగ తగ్గింది. రెండోసారి టెస్టింగ్ పాస్.

ఒకవేళ వాల్వ్, పైపు రెండూ మంచివై, కాగితం ఇంకా ఎగురుతుంటే అప్పుడు కంప్రెషన్ టెస్ట్ చేయించండి. నిజంగానే రింగులు అరిగి ఉండొచ్చు.

గోడకు చెమ్మ వస్తే ముందు పైపు చూస్తాం గాని గోడ పగలగొట్టం గదా. బండికీ అంతే. తమ్ముడి దగ్గర అప్పు తీసుకునే పని పడలేదు, బిడ్డ ఫీజు టైముకు పోయింది. ఉంటా మరి.