కబురు రాకపోవటమూ కబురే

దూరాన ఉన్నవారినుండి జాబు రాకపోతే, క్షేమంగానే ఉన్నారులెమ్మని సరిపెట్టుకొనటం మన అలవాటు. ఆ ఊరట ఎంతటి ప్రమాదకరమో కృష్ణాతీరానికి అనుభవపూర్వకంగా తెలియును.

1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెనలో బందరు ప్రాంతాన సుమారు 30,000 మంది మరణించినారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను దాదాపు 10,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. స్తంభాలు కూలినవి, తీగలు తెగినవి, దారులు మూసుకొనిపోయినవి. జరిగిన ఘోరం ఎంతటిదో వెలుపలివారికి పూర్తిగా తెలియుటకు రోజులు పట్టినది.

నేడు మచిలీపట్నంలోనూ, గుడివాడలోనూ తుపాను సూచన మొదలు కరెంటు బిల్లు చెల్లింపు వరకు చేతిలోని ఫోనుమీదనే సాగుతున్నవి. ఇటువంటి సేవలలో అనేకం ముంబయి, హైదరాబాదు వంటి నగరాలలోని కంప్యూటరు కేంద్రాలనుండి నడుస్తున్నవి. ఈ ఏర్పాటుకే క్లౌడు అని పేరు. ఇంత దూరాన నడిచేది ఆగిపోతే, నడిపేవారికి తెలిసేదెట్లు?

ఇందుకై వేరొక యంత్రాన్ని కాపలా ఉంచుతారు. అది నిమిషానికొకసారి “ఉన్నావా?” అని పలకరిస్తుంది. ఒక్క పిలుపుకు బదులు రానంతమాత్రాన కంగారుపడదు. రెండుమూడు మార్లు రాకపోతే బాధ్యుని ఫోను మోగిస్తుంది. అతడు “విన్నాను” అని తెలుపకపోతే మరొకరిని లేపుతుంది. రాత్రివేళ లెక్కలు సరిచూచే పనుల విషయంలో పద్ధతి తారుమారు. పని ముగియగానే “క్షేమం” అని అవే కబురంపవలెను. వేళకు ఆ కబురు రాకపోవటమే ప్రమాదసూచన.

ఇందులో రెండు జాగ్రత్తలు ముఖ్యం. పదేపదే వృథాగా గంట మోగినచో “నాన్నా పులి” కథయే అగును. నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ లేవరు. రెండవది, కాపలాదారు వేరొక కప్పు క్రింద ఉండవలెను. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో అమెజాను సంస్థవారి క్లౌడు నిల్వకేంద్రం ఒకటి, ఒక ఉద్యోగి పొరపాటున ఇచ్చిన ఆజ్ఞవల్ల కొన్ని గంటలు స్తంభించినది. సేవల స్థితిని ప్రకటించే వారి ఫలకం కూడ ఆ నిల్వకేంద్రంపైనే ఆధారపడియున్నది. అందువల్ల వేలాది సంస్థలు అవస్థపడుతున్నా, అది కొంతసేపు అంతా సవ్యమనియే చూపినది.

ఈ నియమం మన ఇండ్లకూ వర్తిస్తుంది. తుపాను రాత్రి కరెంటుతోపాటు ఫోను టవరు కూడ మూగవోవచ్చును. ఒక్క ఫోనునే నమ్ముకొన్న ఇంటికి హెచ్చరిక వచ్చే దారి అంతటితో మూసుకొనిపోతుంది. బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఇంట ఉంచుకొనినచో, దూరపు కేంద్రంనుండి వచ్చే మాటకు ఆ తీగలతో, ఆ టవరుతో పనిలేదు.

ఇక సహాయక చర్యలు నడిపేవారు గుర్తుంచుకొనవలసినది ఒకటున్నది. నాగాయలంకనుండియో, కోడూరునుండియో అనుకొన్న వేళకు కబురు రాకపోతే, అక్కడ నష్టమేమీ లేదని వ్రాసికొనరాదు. అన్నిటికంటె ముందు మనిషిని పంపవలసిన చోటు అదే.