పోస్టల్ ఓటు: రహస్యమే మన రక్షణ

(మాంగోలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సువర్ణరేఖకు అవతల టాటా పట్టణానికి ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. ఇవతల మన మాంగోకు నగర నిగమ్ ఉంది. కుళాయి నీళ్లు, మురుగు కాలువ, చెత్త బండి వార్డు ఓటుతో ముడిపడిన విషయాలు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఈ ఓటు చిన్నదేమీ కాదు.

1949 జూన్ 15న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఎన్నికల సంఘం స్వతంత్రంగా ఎందుకు ఉండాలో వివరించారు. కొన్ని రాష్ట్రాల్లో జాతి, భాష, సంస్కృతి వేరైన వారిని ఓటర్ల జాబితాలోకి రానివ్వడం లేదన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. జార్ఖండ్‌లో ఉంటున్న తెలుగు దళితులుగా మనం ఆ ప్రసంగాన్ని మళ్లీ చదవాలి. జాబితాలో పేరు లేనివాడికి పోస్టల్ బ్యాలెట్ కూడా లేదు.

మున్సిపల్ ఎన్నికలు 243జెడ్‌ఏ అధికరణ ప్రకారం రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. కాబట్టి అసెంబ్లీ ఎన్నికల్లో ఉన్న సౌకర్యం వార్డు ఎన్నికకు దానంతట అదే రాదు. 80 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు పోస్టల్ ఓటు మొదలైంది 2019లో, మన జార్ఖండ్ అసెంబ్లీ ఎన్నికల్లోనే. అదీ ఏడు నియోజకవర్గాల్లో. 2024లో ఆ వయసును 85కు పెంచారు. స్థానిక ఎన్నికల నోటిఫికేషన్ రాగానే ఈ సౌకర్యం ఎవరికి ఇస్తున్నారు, దరఖాస్తు గడువు ఎప్పుడు అని రిటర్నింగ్ అధికారిని రాతపూర్వకంగా అడగండి.

ఇక పద్ధతి. 1961 ఎన్నికల నిర్వహణ నియమాలు దీనికి మంచి నమూనా. బ్యాలెట్ చిన్న కవర్‌లో పెట్టి అంటించాలి. డిక్లరేషన్ దాని బయటే ఉండాలి. రెండూ కలిపి పెద్ద కవర్‌లో పెట్టాలి. లెక్కింపులో ముందు డిక్లరేషన్ సరిచూస్తారు. డిక్లరేషన్లన్నీ వేరే ప్యాకెట్‌లో పెట్టి సీలు వేశాకే చిన్న కవర్లు తెరుస్తారు. మీ పేరునూ మీ ఓటునూ విడదీసే గోడ అదే. డిక్లరేషన్‌ను పొరపాటున చిన్న కవర్‌లో పెడితే ఓటు పోతుంది. సంతకం లేకపోయినా, ధ్రువీకరణ లేకపోయినా, గడువు దాటి చేరినా అంతే. బ్యాలెట్ మీద పేరో, మిమ్మల్ని గుర్తుపట్టే గీతో ఉన్నా చెల్లదు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి సీలు లేని డిక్లరేషన్ల మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంతకం ఉంటే చాలన్న ఎన్నికల సంఘం మాటే నిలిచింది. అయినా సంతకం, పేరు, హోదా, సీలు నాలుగూ అక్కడికక్కడే చూసుకోండి. మన ఓటు కోర్టు వాదన కాకూడదు.

అసలు ప్రమాదం కాగితంలో లేదు. బూత్‌లో మన చుట్టూ అట్టగోడ ఉంటుంది, ఇంట్లో ఉండదు. పని ఇచ్చే కాంట్రాక్టరు, అప్పిచ్చిన పెద్దమనిషి, వార్డు నాయకుడు "ఖాళీ బ్యాలెట్ ఇవ్వు, నేను చూసుకుంటా" అనగలరు. పాకీపని చేసే అమ్మను అలా అడిగితే కాదనడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఎవరికి వేశామో తెలియకపోవడమే బలహీనుడికి రక్షణ. అందుకే ఖాళీ బ్యాలెట్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఫోటో తీయొద్దు, తీయనివ్వొద్దు. ఇంట్లో కొడుకైనా సరే, అవ్వ అడిగితేనే సాయం చేయాలి, అవ్వ చెప్పినట్టే చేయాలి.

ఇంకో అన్యాయం ఉంది. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగికి పోస్టల్ ఓటు ఉంది, వలస కూలీకి లేదు. వలస ఓటర్ల కోసం ఎన్నికల సంఘం 2023 జనవరిలో రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని పార్టీల ముందు పెట్టినా అది ముందుకు సాగలేదు. పరిశోధన చేసే మిత్రులు ఈ ఖాళీ మీద రాయాలి.

ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఒక్కో విద్యార్థి తన బస్తీలో పది ఇళ్లకు వెళ్లి జాబితాలో పేర్లు చూడండి. అర్హులైన పెద్దలకు దరఖాస్తు నింపి పెట్టండి. బ్యాలెట్ వచ్చిన రోజు మాత్రం ఆ గదిలోంచి బయటికి రండి.

జై భీమ్.