మారిన బోధన, మారని కచ్చేరి

(చిత్తూరు పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



విశ్వవిద్యాలయ పరిపాలనమును గూర్చి మాటలాడుడని కోరినప్పుడు మేము మొదట కొంత వెనుకాడితిమి. సిండికేటు, సెనేటు, రిజిస్ట్రారు అను మాటలు కంటబడగనే సామాన్యులు అది తమ పని కాదని పత్రిక పుట త్రిప్పుదురు. కాని ఈ ఊరివారికి ఆ స్వేచ్ఛ లేదనుకొందుము. ఊరి నానుకొనియున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి వైస్ ఛాన్సలరైరి. వారి వెనుక 1931లో ఆ పీఠమెక్కిన సర్వేపల్లి రాధాకృష్ణపండితులు తిరుత్తణిలో పుట్టి తిరుపతిలో చదువుకొన్నవారు. ఆంధ్రులు కోరి తెచ్చుకొన్న విశ్వవిద్యాలయమును తొలినాళ్ళలో నడపిన యిరువురును ఈ చుట్టుప్రక్కలవారే. కావున దీనిని మన యింటి సంగతిగానే చెప్పుకొందము.

మా మిత్రులొకరు ఒకానొక కళాశాలలో అర్థశాస్త్రము బోధింతురు. పుస్తకములోని సేద్యపు లెక్కలు పిల్లల తలకెక్కుటలేదని ఆయన ఒక యేడు వారిని ప్రక్క ఊరి చెరువుకడకు తోడుకొనిపోయిరి. ఆయకట్టెంత, అందు నేడు తడియునదెంత, చెరువు క్రింద బోరుబావులెన్ని, ఏ రైతు ఎన్ని అడుగులు వేయించి ఎంత అప్పుపడెను—ఇవన్నియు పిల్లలే యడిగి వ్రాసికొనిరి. కుప్పము దిక్కునుండి వచ్చిన పిల్ల యొకతె, తరగతిలో ఏనాడును నోరు విప్పనిది, తన తండ్రి వేయించిన రెండు బోర్లకును నీరు పడని సంగతిని తానే లెక్కకట్టి అందరి యెదుట చదివినదట. ఆరు నెలలకు పరీక్ష వచ్చెను. ప్రశ్నపత్రమును ఎచ్చటనో యెవరో కూర్చిరి, అందు చెరువు లేదు, బోరు లేదు, నిర్వచనములున్నవి. ఆ పిల్ల బొటాబొటి మార్కులతో గట్టెక్కినది. మరుసటి యేడు మిత్రులు చెరువుకు పోలేదు. “నోట్సు చెప్పి వ్రాయించుచున్నాను. పిల్లలు నన్ను మెచ్చుకొనుచున్నారు గూడ” అని నవ్విరి. ఆ నవ్వు మాకు చాల దినములు మనసులో ముల్లువలె నుండినది.

తప్పు ప్రశ్నలు కూర్చినవారిది కాదు. ఆ కచ్చేరి కట్టిననాటి కొలతలే వేరు. 1857లో చెన్నపురి, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయములు నాటి లండన్ విశ్వవిద్యాలయపు అచ్చున పుట్టినవి. అవి పాఠము చెప్పుటకు పుట్టినవి కావు. పరీక్ష పెట్టి పట్టమిచ్చుటకు పుట్టినవి. బోధన కళాశాలల పని, తూకము విశ్వవిద్యాలయపు పని. 1904 నాటి శాసనము విశ్వవిద్యాలయములకు బోధనాధికార మిచ్చినది. 1923 నాటి శాసనము చెన్నపురిని బోధనాసంస్థగా తీర్చినది. 1954లో తిరుమలకొండ యడుగున శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినప్పుడు దానికి సొంత తరగతులు, ప్రయోగశాలలు, ఆచార్యులు ఏర్పడిరి. కాని అనుబంధ కళాశాలల పాలికి మాత్రము ఆ పాత తక్కెడయే దిగివచ్చినది. పాఠము చెప్పినవా డొకడు, కొలిచెడివాడు మరియొకడు.

ఇది మేము క్రొత్తగా కనిపెట్టిన రోగము కాదు. రాధాకృష్ణపండితుల అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, మరుసటి సంవత్సరపు నివేదికలో, సంస్కరణ యొక్కటే చేయదగియున్నచో అది పరీక్షల సంస్కరణయే కావలెనని తేల్చినది. నాటికిని నేటికిని నడుమ మూడు తరముల విద్యార్థులు పట్టములు పుచ్చుకొని పోయిరి.

బోధన యీ నడుమ ఊరకుండలేదు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము తపాలాద్వారా చదువు చెప్పుట మొదలిడినది. తిరుపతియు 1972లో ఆ త్రోవ పట్టినది. అంగడి గుమాస్తాలు, పల్లెబడి పంతుళ్ళు, పెండ్లియై చదువు నిలిచిపోయిన స్త్రీలు దానివలన పట్టభద్రులైరి. ఆ మేలును మేము తక్కువ చేయము. అయినను అది పాత యింటికి కట్టిన క్రొత్త వసారా. 1982లో హైదరాబాదున వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయపు సంగతి వేరు. భారతదేశమున అట్టిది అదియే మొదటిది. జి. రాంరెడ్డిగారు ఇల్లంతయు క్రొత్తగా కట్టిరి. బడి పట్టము లేనివాడును ప్రవేశపరీక్ష నెగ్గి పట్టపు చదువులో చేరవచ్చును, పాఠము వ్రాయుట యొక్కని పని గాక కొందరు కూడి చేయు పని, ఊరూర అధ్యయనకేంద్రములు. ముందు బోధన యెట్లుండవలెనో నిశ్చయించి, పిమ్మట దానికి తగిన కచ్చేరిని ఏర్పరచిరి. క్రమము అది. మనము సామాన్యముగా దానిని తలక్రిందు చేయుదుము.

అంతకంటెను దగ్గర పాఠము మదనపల్లె కొండలలో నున్నది. (2022లో జిల్లాలను విడదీసినప్పుడు మదనపల్లె చిత్తూరునుండి తొలగినది, అయినను చుట్టరికము తెగలేదు.) అచ్చటి రిషివ్యాలీ వారు చుట్టుప్రక్కల పల్లెలలో ఒంటి ఉపాధ్యాయుని బడులు పెట్టి, పాఠములను చిన్న చిన్న బొమ్మల అట్టలుగా విడగొట్టి, నిచ్చెనమెట్ల వలె అమర్చిరి. ప్రతి బిడ్డయు తానే మెట్టుపై నున్నదో తానే చూచుకొనును, తన అట్టను తానే తీసికొనును. పరీక్షయు ఆ మెట్లలోనే యొక అట్ట. దానికొరకు గంట కొట్టరు, తలుపులు మూయరు. ఇట్టి బడికి తనిఖీకి వచ్చిన అధికారి “తరగతి ఏ పాఠములో నున్నది?” అని అడుగుటకు వీలులేదు. ప్రశ్నయే మారవలెను. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు దీనిని చూచిపోయి కన్నడమున ‘నలి కలి’ అని నడపిరి. పిదప చెన్నపట్టణపు కార్పొరేషను బడులును ఈ దారినే పట్టినవి. మన కొండమీది విద్య ఇరుగు రాష్ట్రములకు దిగిపోయినది. ఇరువది, ముప్పది క్రోసుల దూరముననున్న మన కళాశాలలు మాత్రము దానిని పసిపిల్లల వ్యవహారమని చూడలేదు.

ఇక 2020 సంగతి. మార్చిలో తలుపులు మూతపడినవి. కొన్ని వారములలోనే బోధన ఫోనులోనికి ఎక్కెను—సిగ్నలు అందిన చోట. కొండపల్లెల పిల్లలు మిట్టలెక్కి చెవికి ఫోను పెట్టుకొన్న దినములవి. అంత పెద్ద మార్పును ఉపాధ్యాయులు ఎట్లో నెట్టుకొచ్చిరి. కాని జూలైలో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, సెప్టెంబరు లోపల తుది సంవత్సరపు పరీక్షలు జరిగి తీరవలెనని శాసించినది. వ్రాతగానో, ఆన్‌లైనులోనో, రెండును కలిపియో జరుపుడన్నది. ఆగస్టు 28న సుప్రీముకోర్టును దానిని సమర్థించినది. పరీక్ష లేక పట్టమీయరాదనుటలో న్యాయము లేదని మేమనము. మేము చూచినది వేరొకటి: బోధన వారములలో మారగలిగినది, పరీక్ష సంగతి ఢిల్లీ న్యాయస్థానము మెట్లెక్కినది. ఏది చేవగలదో, ఏది బిగిసిపోయినదో అప్పుడు తేటపడినది.

అటుపిమ్మట క్రొత్త ఏర్పాట్లు వరుసగా వచ్చినవి. ‘స్వయం’ అను జాతీయ వేదికపై చదివిన పాఠములకు ఒక సెమిస్టరు క్రెడిట్లలో నూటికి నలువది వరకు లెక్కగట్టవచ్చునని 2021లో నియమించిరి. ఆ యేడే క్రెడిట్ల నిధియు ఏర్పడినది. కాగితముపై ఇవి చక్కగనే యున్నవి. కాని ఆ వేదిక పాఠములు జనవరిలో, జూలైలో మొదలగును. మన సెమిస్టరు ఎప్పుడు మొదలగునో పంచాంగకర్తలును చెప్పలేరు. పాఠ్యసంఘము ముందుగా పాఠమును ఆమోదింపవలెను, ఒక ఉపాధ్యాయుడు విద్యార్థికి తోడుండవలెను, మార్కులు వేళకు పరీక్షాశాఖకు చేరవలెను. ఈ మూటిలో ఏ యొకటి తప్పినను నష్టపడునది విద్యార్థియే. పైగా ఆ తోడుండు ఉపాధ్యాయుని శ్రమ ఏ పద్దులోనికి రాదు. గంటకింతని వేతనము పొందు అతిథి ఉపన్యాసకుడు చెరువుగట్టుపై గడపిన ప్రొద్దును గంటగా లెక్కింతురా? లెక్కింపనిచో అతనిని చెరువునకు పొమ్మనుటకు మనకు నోరెట్లాడును?

మేము కోరునది ఇంతే: కళాశాలలో పాఠము చెప్పినవానికి కొలుచుటయందును గౌరవప్రదమైన పాలు ఉండవలెను. దీనికి వచ్చు ఆక్షేపణ మాకు తెలియును. మార్కులు ఉపాధ్యాయుని చేతికిచ్చినచో కులము, బంధుత్వము, ట్యూషను రుసుము వెంట వచ్చునందురు. ఈ భయము ఉత్తది కాదు. తన చుట్టము లేని కచ్చేరిలో న్యాయము దొరకునని పేదవిద్యార్థి నమ్ముకొన్న గోడ అది. దానిని పడగొట్టవలదు. అయితే విజ్ఞానశాస్త్రముల ప్రయోగపరీక్షకు బయటి పరీక్షకుడు కళాశాలకే వచ్చి, రికార్డు చూచి, విద్యార్థిని ప్రశ్నించి మార్కులు వేయు పద్ధతి మనకు ఎన్నడో యున్నది. పాదరసమునకు తగిన మర్యాద చెరువునకేల తగదు? అర్థశాస్త్రమునకు, చరిత్రకు, తెలుగునకు అదే పద్ధతిని ఏల విస్తరింపరాదు?

కళాశాలలు లెక్కకు మిక్కిలియని మునుపు అనెడివారు. నేడు ఆ మాట చెల్లదు. 1981లో అనంతపురమునకు, 2006లో కడపకు, 2008లో నెల్లూరునకు వేరు విశ్వవిద్యాలయములు వచ్చినవి. తిరుపతి పాలికి మిగిలినది ముఖ్యముగా మన పాత చిత్తూరు జిల్లాయే. బస్సెక్కి ఉదయము పోయిన పరీక్షకుడు చాలచోట్లనుండి రాత్రికి ఇల్లు చేరగలడు. ఒక సంవత్సరము ఒక్క శాస్త్రముతో, పది కళాశాలలలో మొదలిడిన చాలును. ప్రయాణపు ఖర్చును మేము పెద్దదిగా నెంచము.

చెరువు లెక్కలు వ్రాసిన ఆ పుస్తకములను మా మిత్రులు పారవేయలేదు. ముప్పదియెనిమిది పుస్తకములు బీరువాలో కట్టకట్టి యున్నవట. ఎవరైన పరీక్షకుడు వచ్చి అడిగినచో ఆ పిల్ల పుస్తకమునే మొదట చూపింతునని ఆయన మాతో ననిరి.