వంటిల్లు, స్నానపు గది: పని మొదలుపెట్టుటకు ముందు

బందరులోగాని, అవనిగడ్డలోగాని పాతకాలపు ఇంటికి పోయి దాహమని అడిగినచో, ఇల్లాలు చెంబు చేతికిచ్చుచు “ఇవి మంచినీళ్లేనండీ” అని ఒక మాట చేర్చి మరీ ఇచ్చెడిది. ఎగువనుండి వచ్చినవారికి ఆ మాట వింతగా తోచును. దిగువ కృష్ణా డెల్టాలో పెరిగిన మనకు అందులో వింత లేదు. పెరటి నూతిలోనివి వాడుక నీళ్లు. చెరువునుండి కావిడి మీద వచ్చినవి మంచినీళ్లు. వాడుక నీటితో గిన్నెలు తోమవచ్చును, స్నానము చేయవచ్చును, గేదెను కడుగవచ్చును. పప్పు మాత్రము ఉడుకదు.

వంటిల్లును, స్నానపు గదిని కొత్తగా దిద్దుకొనవలెనని ఇప్పుడు పల్లెలలో సైతము ఎంతోమంది సంకల్పించుచున్నారు. సంతోషమే. అయితే మేస్త్రి రాగానే మొదట వచ్చు ప్రశ్న గ్రానైటు ఏ రంగుది, టైల్సు ఏ సైజువి అని. మన ప్రాంతమున మొదట అడుగవలసిన ప్రశ్న వేరు: ఏ నీరు ఎటునుండి వచ్చును, వచ్చిన నీరు ఎటు పోవును?

మండువా లోగిలిని ఒకసారి మనస్సున నిలుపుకొందము. వీధివైపు పంచ, నడుమ మండువా, వెనుక వంటిల్లు, దాని వెనుక పెరడు. మంచినీటి బిందెలు వంటింటిలో ఎత్తైన అరుగుమీద మూతలతో ఉండెడివి. నుయ్యి పెరటిలో ఉండెడిది. నూతిప్రక్క గాబు, గాబుప్రక్క తడికచాటున స్నానము. ఆ నీరు చిన్న కాలువగా సాగి అరటిబోదెలకు పోయెడిది. మరుగుదొడ్డి ఉన్న ఇండ్లలో అది పెరటికి చివర, నూతికి ఎడముగా ఉండెడిది. ఆ యిల్లు స్త్రీలకు సుఖమిచ్చినదని మేము చెప్పబోము. పొయ్యిముందు గొంతుకూర్చుండి పొగలో కండ్లు పోగొట్టుకొన్నవారు, చీకటిలో దొడ్డివైపు పోవుటకు జంకి కడుపు బిగబట్టుకొన్నవారు ఎందరో కలరు. 2018 వానకాలమున దివిసీమ గ్రామములలో పాముకాట్లు ఎంత హడలెత్తించెనో మరువలేము. స్నానపు గదియు, మరుగుదొడ్డియు ఇంటిలోనికి వచ్చుట మంచిదే. అవి లోపలికి వచ్చినప్పుడు నూతికిని వానికిని నడుమ ఉండిన ఆ ఎడము ఏమైనదన్నదే మా ప్రశ్న.

గుడివాడకు సమీపమున ఒక గ్రామములో మా మేనత్తగారు ఉన్నారు. ఆమె కుమారుడు అమెరికాలో ఉద్యోగి. తల్లి సుఖపడవలెనని, నాలుగేండ్ల క్రిందట, పాత పెంకుటింటి వెనుకభాగమును తీయించి వంటింటిని, రెండు స్నానపు గదులను కొత్తగా కట్టించెను. నమూనా ఫోనులో వచ్చెను. పని ఒక కాంట్రాక్టరు చేసెను. అంతయు తళతళలాడుచుండెను. మేము చూడబోయిన నాడు అత్తయ్య వెనుక వసారాలో కత్తిపీట ముందు కూర్చుండి వంకాయలు తరుగుచుండిరి. గ్యాసు పొయ్యి నేలమీదికి దిగి ఉండెను. ఇదేమని అడిగితిమి.

“ఆ గట్టు నా గుండెల దాకా వస్తుందిరా అబ్బాయీ. కూర కలపాలంటే పీట వేసుకుని ఎక్కాలి. అది మీ బావ పంపిన బొమ్మలో వంటిల్లు. నేను ఆ బొమ్మలో పట్టలేదు” అనిరి.

నవ్వుచునే అనిరి గాని, నేలమీది పొయ్యి నవ్వులాట కాదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలబారున నిలుచును. సిలిండరుకంటె పొయ్యి ఎత్తున ఉండవలెనని చెప్పుట అందుకే. ముప్పదియారు అంగుళముల గట్టు ఎవరి ఒడ్డునకు కొలిచినదో గాని, అత్తయ్య నాలుగడుగుల పది అంగుళముల మనిషి. గట్టు ఎత్తునకు లెక్క సులువు. మనిషి నిలువుగా నిలిచి మోచేయి మడిచినప్పుడు, ఆ మోచేతికి నాలుగైదు అంగుళములు దిగువగా గట్టు ఉండవలెను. ఆమె మోచేయి ముప్పదియారు అంగుళముల ఎత్తున ఉన్నది. గట్టు ముప్పదియొకటి చాలును. ఈ కొలతకు కావలసినది ఒక టేపు, ఇంటి ఇల్లాలు, రెండు నిమిషములు.

వంటింటిని కొలిచి కట్టవలెనను తలంపు కొత్తది కాదు. 1926లో జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అను స్త్రీ వాస్తుశిల్పి రైలుబండి భోజనపు పెట్టెలోని వంటగది వంటి వంటిల్లును రూపొందించెను. వెడల్పు మీటరు తొంబది సెంటీమీటర్లు, పొడవు మూడు మీటర్ల నలుబది. వంటచేయు మనిషి వేయు అడుగులను గడియారము పెట్టి లెక్కించి మరీ గీచినది. అట్టివి ఆ నగరమున సుమారు పదివేలు కట్టిరి. గొప్ప పనియే. కాని అందులో ఒక్క మనిషియే మసలగలదు. మన ఇంట సంక్రాంతికి అరిసెలు వండునప్పుడు ఒకరు పిండి తట్టుదురు, ఒకరు మూకుడు దగ్గర నిలుతురు, ఒకరు నూనె ఒత్తి తీయుదురు, నాలుగవవారు కబుర్లు చెప్పుదురు. మన వంటింటి కొలతలో ఆ నాలుగవ మనిషికి కూడ చోటు చూపవలెను. ఊరగాయ జాడీలు, బియ్యపు డబ్బాలు, అప్పడాల డబ్బాలు సరేసరి. గోడకు బిగించిన తలుపుల అరలలో నిలువెత్తు ఆవకాయ జాడీ పట్టదు.

పొగ విషయమున మనవారి పేరు ఒకటి చెప్పక తప్పదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు డైరెక్టరుగా ఉండిన డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో చేయదగిన, పొగగొట్టముగల పొయ్యిని రూపొందించి, కోట్ల ప్రజలకు పొగలేని వంటిళ్లు అను అర్థము వచ్చు పేరుతో 1953లో ఇంగ్లీషున పుస్తకము ప్రకటించిరి. పొగ, మసి, వేడి, వంటచెరకు దుబారా, అగ్నిభయము తొలగవలెనని ఆయన కోరిక. 1999లో దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి గ్యాసు ఇంటింటికి చేరినపిదప ఆ కోరిక చాలవరకు తీరినది. ఇక మిగిలినది పోపు ఘాటు. దానికి ఎదురెదురు కిటికీలు చాలును. ఆగ్నేయ మూలనే వంటిల్లు ఉండవలెనని పట్టుబట్టువారితో మాకు తగవు లేదు. అయితే బందరులో సముద్రపు గాలి మధ్యాహ్నముమీద సుమారుగా ఆ దిక్కునుండియే తిరుగును. వంటింటికి ఇంటివైపు తలుపు ఒక్కటే పెట్టి, బయటివైపు పొగదారి పెట్టనిచో, ఇంగువ వాసన పడకగదికి ముందుగా చేరును.

ఇక నీటి సంగతి. 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్టయు, దాని స్థానమున 1957లో సిద్ధమైన ప్రకాశం బ్యారేజియు ఇచ్చు కాలువ నీరే మన మంచినీటికి ఆధారము. బందరు పట్టణమునకు తరకటూరు చెరువులో నిలువచేసిన నీరు వచ్చును. వేసవిలో కాలువలు కట్టివేసిన నాడు ఆ నిలువయే గతి. బోరు వేసినచో తీరము వెంట పెక్కుచోట్ల తగులునది ఉప్పునీరు. కాబట్టి ఇంటికి రెండు ట్యాంకులు, రెండు గొట్టపు వరుసలు పెట్టుకొనుట మేలు. కుళాయి నీరు వంటింటికి, ముఖము కడుగు చోటికి. బోరునీరు మరుగుదొడ్డికి, నేల కడుగుటకు. గీజరునకు బోరునీరు తగిలించినచో లోపలి కడ్డీకి సున్నమువలె పెచ్చు కట్టి త్వరలోనే పాడగును. గోడ పగులగొట్టిననాడే రెండవ గొట్టము వేయుటకు అయ్యెడి ఖర్చు స్వల్పము. టైల్సు అంటించిన తరువాత వేయవలెనన్నచో ఖర్చు ఎంతయో అడుగవద్దు.

ఆ ఉప్పు కుళాయిలతో ఆగదు. ఇనుప చువ్వలున్న కాంక్రీటునకు కలుపు నీటిలో క్లోరైడు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. పని తొందరలో మేస్త్రి బోరు తిప్పి కలిపివేయును. క్లోరైడు చువ్వను త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బును. పదియేండ్లు గడచునప్పటికి శ్లాబు అడుగు పెచ్చులూడును. మేడమీది స్నానపు గదికి సరిగా క్రింద వంటిల్లు ఉన్న ఇండ్లలో ఈ ఆపద రెట్టింపగును. పైనుండి చెమ్మ, లోపలినుండి ఉప్పు. శ్లాబునకు కావలసిన నీటిని ట్యాంకరుతో తెప్పించుటకు మనస్సొప్పనివారు గ్రానైటు ధర విని మాత్రము తలయూపుట మాకు ఎన్నటికిని అర్థము కాలేదు.

మా అత్తయ్య ఇంట జరిగిన అసలు కష్టము వేరు. కొత్త స్నానపు గదులు నూతివైపు వచ్చినవి. మరుగుదొడ్డి గొయ్యి నూతికి పండ్రెండడుగుల దూరమున త్రవ్విరి. అక్కడ చోటు ఉన్నది, గొట్టము పొట్టిదగును, అంతే కారణము. త్రవ్వునాడే ఆమె వలదన్నారట. “పెద్దవారికి ఇవి తెలియవు” అని కాంట్రాక్టరు సమాధానము. రెండవ వానకాలమునకు నూతినీరు వాసన కొట్టెను. పరీక్షకు పంపగా మలమునుండి వచ్చు సూక్ష్మజీవులు అందులో ఉన్నట్లు తేలెను. ఆ నీరు ఎవరును త్రాగరు; నిజమే. కాని ఇరుగుపొరుగు మూడిండ్లవారు దానితోనే గిన్నెలు కడుగుదురు, పిల్లలకు స్నానము చేయింతురు. పిల్లవాడు స్నానము చేయుచు నోటినిండ నీరు పుక్కిలింపక మానునా?

మన నేలలలో వానకాలమున నాలుగైదడుగులు త్రవ్వగనే నీరు తగులు చోట్లు ఎన్నో. గొయ్యి అడుగు ఆ నీటిలో మునిగినచో గొయ్యియు నుయ్యియు ఒక్కటే అగును. గొయ్యికి, నూతికి నడుమ కనీసము పది మీటర్లు, అనగా ముప్పదిమూడు అడుగులు ఉండవలెను. గొయ్యిని లోతుగా త్రవ్వుట మానివేసి, పైభాగమును నేలకంటె అడుగెత్తున లేపి, చుట్టును మట్టి దిమ్మగా పోయవలెను. ఇంకను జాగ్రత్త కావలెనన్నచో గొయ్యి అడుగును నీరు దిగకుండ మూసి, చుట్టును అర మీటరు మందమున సన్నని ఇసుక నింపు పద్ధతి కలదు. నల్లరేగడిలో సెప్టిక్ ట్యాంకు నీరు త్వరగా ఇంకదు. దానిని పంటబోదెలోనికి వదలువారిని చూచుచున్నాము. ఆ బోదె క్రింది ఊరి చెరువునకు పోవునని వారికి తెలియక కాదు.

స్నానపు గదిలో నేల వాలు మరియొకటి. నాలుగడుగులకు ముప్పాతిక అంగుళము దిగవలెను; ప్రక్కగదికంటె గచ్చు అంగుళము పల్లముగా ఉండవలెను. నాలుగువేల అయిదువందల యేండ్ల క్రిందట మొహెంజొదారో వాసులు కాల్చిన ఇటుకలతో వాలు గచ్చులు వేసి, స్నానపు నీటిని వీధికాలువలోనికి దింపిరి. మన మేస్త్రులు నేడును నీటిని మూలనే నిలుపుచుండుట చూచినచో నవ్వు వచ్చును. నిలిచిన నీటిలో సబ్బు చేరి, నున్నటి పలకమీద డెబ్బదియేండ్ల కాలు జారినప్పుడు ఆ నవ్వు ఉండదు. గరుకు పలకలు, కమోడు ప్రక్కన చేతికందు కమ్మి, బయటికి తెరుచుకొను తలుపు, ఈ మూడును పెద్దలున్న ఇంట తప్పనిసరి. లోపల పడిన మనిషి తలుపునకు అడ్డమైనచో, లోపలికి తెరుచుకొను తలుపును ఎవరు తీయగలరు?

చివరకు వరద. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది పోయిరి. 1977 నవంబరు 19 దివిసీమకు ఏమి చేసెనో చూచినవారు మనలో ఇంకను ఉన్నారు. ఉప్పెనకు ఏ వంటిల్లును నిలువదు. అప్పుడు చేయవలసినది ముందుగా ఇల్లు విడిచి పోవుటయే. వరద మాట వేరు. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను బ్యారేజివద్ద కృష్ణ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు లంక గ్రామముల వంటిండ్లలోనికి నీరు వచ్చెను. అట్టి ఊళ్లలో నీరు ఎంతవరకు వచ్చినదో ఇంటి పెద్దలను అడిగి గోడమీద గీత గీయవలెను. కరెంటు ప్లగ్గులు, పొయ్యి గట్టు, సెప్టిక్ ట్యాంకు మూత ఆ గీతకు పైనే ఉండవలెను. సిలిండరును గోడకు గొలుసుతో కట్టవలెను; నీటిలో అది తేలిపోవును. నాలుగు దినముల బియ్యము, అగ్గిపెట్టె, మంచినీటి క్యాను పట్టునంత అటక ఒకటి ఉన్నచో చాలు.

అత్తయ్య ఇంట పని మరల చేయించిరి. పాత గొయ్యిని పూడ్చి, పెరటికి రెండవ చివర, నూతికి నలుబది అడుగుల ఎడమున కొత్తది కట్టిరి. నూతినీరు తోడించి, బ్లీచింగు పొడి వేయించి, మరల పరీక్ష చేయించిన తరువాతనే ఇరుగుపొరుగు బొక్కెనలు దిగినవి. మొదటి ఖర్చులో సగము మరల అయినది. గట్టు ఒకవైపు పగులగొట్టి దించిరి. ఈసారి వడ్రంగి ఆమెను గోడప్రక్క నిలువబెట్టి, మోచేతి దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టెను. మొన్న సంక్రాంతికి మేము పోయినప్పుడు ఆమె ఆ గట్టువద్ద నిలిచియే అరిసెలు వండిరి. జాడీలకు మాత్రము ఇంకను చోటు దొరకలేదు. అవి మా బావ చదువుగదిలో బల్లక్రింద ఉన్నవి.