సీవోడీ కాగితం ఒక్కటే చాలదు



వాగులో నురగ వస్తోందని ఫిర్యాదు చేస్తే, ‘సీవోడీ హద్దులోనే ఉంది’ అని కాగితం ఇస్తారు. సీవోడీ అంటే ఏమిటి? నీటిలోని మురికి విరగడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే లెక్క. ఆ మురికి పేడా, మందా అన్నది అది చెప్పదు.

పటాన్‌చెరునే చూడండి. సుమారు 90 మందుల కంపెనీల మురుగు చేరే ప్లాంటులో, శుద్ధి చేసి వదిలిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు అచ్చువేశారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

శుద్ధి ట్యాంకులో మురికిని తినేది సూక్ష్మజీవులే. వాటిని చంపే మందే వచ్చి పడితే ఎలా? చావగా మిగిలినవి మందుకు లొంగని రకాలై వాగులో కలుస్తాయి. అందుకే అందరి మురుగూ కలవకముందే, ఫ్యాక్టరీ లోపలే ఓజోన్‌తోనో యాక్టివేటెడ్ కార్బన్‌తోనో మందును తీసేయాలి.

2020 జనవరి ముసాయిదాలో కేంద్రం యాంటీబయాటిక్స్‌కు హద్దులు పెట్టింది. 2021 తుది నోటిఫికేషన్‌లో వాటిని ఎత్తేసింది. ఆ హద్దులు మళ్లీ రావాలి. మాస్ స్పెక్ట్రోమీటర్ మీద పేరుపేరునా మందులను పరీక్షించాలి. ఫలితాలు పంచాయతీ గోడమీద పెట్టాలి.

ఈసారి కాగితం చేతికిస్తే ఒక్కటే అడగండి: ‘ఏయే మందుల కోసం చూశారు?’